లారీ కాటా మీద గురివింద గింజ

స్వామి జ్ఞానానంద సాధన చేసిన ఎక్స్‌రే విద్యకు నేడు కంప్యూటర్ లెక్క తోడైంది. ఆ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

విశాఖపట్నం : అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో దిమ్మలు తూచే కాటా మీద ఎవరైనా పుస్తె పెట్టి బరువు చెప్పమంటే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. విశాఖ రేవులో ఖనిజం లారీలను తూచే కాటా మీద పెడితే ముల్లు కదలనైనా కదలదు. అలాగని ఆ కాటాలు చెడ్డవి కావు. బెల్లానికి, ఖనిజానికి అవి చాలు. బంగారానికి మాత్రం కంసాలి త్రాసు కావాలి. మన పెద్దల కాలంలో ఆ త్రాసులో గురివింద గింజే పడికట్టు రాయి. వస్తువు ఎంత విలువైనదో, ఎంత చిన్న తేడా మనకు ముఖ్యమో, దాన్ని బట్టే తూనిక ఉండాలన్నది కాటా పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి.

సరిగ్గా ఈ సంగతే ఇప్పుడు ప్రపంచంలోని రసాయన శాస్త్రజ్ఞులను వేధిస్తున్నది. వాళ్ళు తూచేది బంగారం కాదు, పరమాణువు లోపలి ఎలక్ట్రాను. దాన్ని కదపడానికి ఎంత శక్తి కావాలో ఎక్స్‌రేలతో కొలుస్తారు. అదే శక్తిని క్వాంటం సిద్ధాంతంతో కాగితం మీద, ఇప్పుడైతే కంప్యూటర్ మీద, లెక్క కడతారు. కొలతకూ లెక్కకూ ఎంత తేడా వస్తున్నది? ఆ తేడా మనకు కావలసిన రహస్యాన్ని మింగేస్తున్నదా, లేక బయటపెడుతున్నదా? ప్రశ్న ఇదే.

ఇది ఎక్కడో విదేశాల గొడవ అనుకోనక్కరలేదు. ఈ విద్యలో ఆరితేరిన ఒక తెలుగు సన్యాసి మన విశాఖలోనే ప్రయోగశాల నెలకొల్పారు. పొలంలో వేసే భాస్వరం ఎరువుకూ, ఉక్కునగరంలో కరిగే ఇనుముకూ కూడా ఈ లెక్కతో సంబంధం ఉంది.

కాషాయం కట్టిన శాస్త్రజ్ఞుడు

పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం దగ్గర గొరగనమూడి గ్రామంలో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు జన్మించారు. వయసులో ఉండగానే ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్ళి, సన్యసించి, స్వామి జ్ఞానానంద అయ్యారు. యోగం, వేదాంతం గురించి చెప్పడానికి ఐరోపా వెళ్ళిన ఆ స్వామిని అక్కడి భౌతికశాస్త్రం పట్టి నిలిపింది. ఉపన్యాసం చెప్పడానికి వెళ్ళినవాడు బల్ల మీద కూర్చుని మళ్ళీ విద్యార్థి అయ్యారు.

ప్రాగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన పరిశోధన ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీలో. అంటే ఎక్స్‌రేలను వాటి శక్తిని బట్టి విడదీసి, ఏ గీత ఎక్కడ పడిందో కచ్చితంగా కొలవడం. తరువాత ఇంగ్లండులో లివర్‌పూల్ వెళ్ళి, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేశారు. అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం ఉన్నారు. గాలి తీసేసిన గొట్టాలు, పాత్రలు తయారుచేసే విద్యపై ఆయన రాసిన పెద్ద గ్రంథం 1947లో వెలువడింది. శక్తి తక్కువగా ఉన్న ఎక్స్‌రేలను మామూలు గాలే తాగేస్తుంది. కాబట్టి గాలి లేని చోటు చేసుకోవడం తెలియనిదే ఆ కొలతలు కుదరవు.

దేశానికి తిరిగి వచ్చాక ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలోనూ, ఆపైన 1950ల దశకంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనూ ఆయన పనిచేశారు. ఇక్కడ న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగానికి పునాది వేసినది ఆయనే. 1969లో కన్నుమూశారు. ఆ పరిశోధనశాలలకు ఆయన పేరే పెట్టారు. ఆ పేరుతో వెలువడిన పరిశోధన పత్రాలు వాల్తేరు చిరునామాను ఎన్నో దేశాలకు చేర్చాయి.

స్వామి కాలంలో పని ఎక్కువగా కొలవడమే. కొలిచిన అంకెను సిద్ధాంతం నుంచి రాబట్టడం ఒక్క పరమాణువు విషయంలోనే కష్టం. అణువుల సంగతి చెప్పనక్కరలేదు. ఈనాడు ఆ లెక్క సాధ్యమైంది. ఎంతవరకు సాధ్యమైందో తెలియాలంటే ముందు ఎక్స్‌రే ఏమి చేస్తుందో చూడాలి.

గర్భగుడిలో ఎలక్ట్రాను

కింగ్ జార్జి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించుకున్నవారికి తెలుసు. ఎముక తెల్లగా, కండ నల్లగా పడుతుంది. ఎముకలోని కాల్షియం, భాస్వరం ఎక్స్‌రేను ఎక్కువగా పీల్చుకుంటాయి. కండ తక్కువగా పీల్చుకుంటుంది. 1895లో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనుగొన్ననాటి నుంచీ వైద్యులకు పనికివస్తున్నది ఈ గుణమే.

పరమాణువును గుడి అనుకోండి. మధ్యలో కేంద్రకం. దాని చుట్టూ గర్భగుడిలో రెండు ఎలక్ట్రాన్లు. మిగిలినవి మండపంలోనూ, ప్రాకారం దగ్గరా ఉంటాయి. మంట మండినా, ఇనుము తుప్పు పట్టినా, కదిలేవి ప్రాకారం దగ్గరివే. గర్భగుడిలోని వాటిని కదపాలంటే చాలా పెద్ద శక్తి కావాలి. ఆ శక్తి ఎక్స్‌రేకు ఉంది.

ఈ శక్తిని ఎలక్ట్రాన్ వోల్టులలో చెబుతారు. టార్చిలైటు సెల్లు ఒకటిన్నర వోల్టు కదా. ఒక ఎలక్ట్రాను ఆ సెల్లు ఈ కొస నుంచి ఆ కొసకు చేరితే దానికి దక్కే శక్తి ఒకటిన్నర ఎలక్ట్రాన్ వోల్టు. కంటికి కనిపించే వెలుగు రేణువుకు రెండు మూడు ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. కర్బనం గర్భగుడిలోని ఎలక్ట్రానును బయటికి లాగాలంటే సుమారు 290 కావాలి. ఆక్సిజన్‌కు 540 దాకా, ఇనుముకు 7,112 కావాలి.

ఎక్స్‌రే శక్తిని కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే, ఈ అంకె దగ్గరికి రాగానే పదార్థం ఒక్కసారిగా ఎక్కువ కిరణాలను పీల్చుకుంటుంది. గీత గీసి చూస్తే మెట్టులా లేస్తుంది. ఏ మెట్టు ఎక్కడ లేచిందో చూస్తే అక్కడ ఏ మూలకం ఉందో చెప్పవచ్చు. మెట్టు అంచున చిన్న చిన్న శిఖరాలు కూడా ఉంటాయి. లోపలి ఎలక్ట్రాను పూర్తిగా బయటపడకుండా, పైన ఖాళీగా ఉన్న ఒక అరలోకి ఎక్కినప్పుడు అవి పుడతాయి. కొలిమిలో ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగేసే కార్బన్ మోనాక్సైడ్ వాయువునే తీసుకోండి. అందులోని కర్బనం ఎలక్ట్రానును పూర్తిగా లాగడానికి 296.2 కావాలి. ఖాళీ అరలోకి ఎక్కించడానికి 287.4 చాలు.

గోబర్ గ్యాస్ చెప్పే పాఠం

అసలు విశేషం ఇకముందుంది. మూలకం ఒక్కటే అయినా, దాని పక్కన ఎవరున్నారనే దాన్ని బట్టి ఈ అంకె జరుగుతుంది.

పల్లెల్లో గోబర్ గ్యాస్ తెలియనివారు లేరు. అందులో ముఖ్యంగా రెండు వాయువులు ఉంటాయి. మండే మీథేన్ ఒకటి, మండని బొగ్గుపులుసు గాలి మరొకటి. రెండింటిలోనూ కర్బనం ఉంది. మీథేన్‌లో కర్బనం పక్కన నాలుగు హైడ్రోజన్లు. బొగ్గుపులుసు గాలిలో రెండు ఆక్సిజన్లు. ఆక్సిజన్ పక్కవాడి సొత్తును తనవైపు లాగే రకం. కర్బనం బయటి ఎలక్ట్రాన్లను అది లాగేసుకుంటే, లోపలి ఎలక్ట్రానును కేంద్రకం మరింత గట్టిగా పట్టుకుంటుంది. అందుకని మీథేన్‌లో 290.8 ఎలక్ట్రాన్ వోల్టులతో బయటపడే ఎలక్ట్రాను, బొగ్గుపులుసు గాలిలో 297.7 పెడితే తప్ప రాదు. కర్బనం అదే. తేడా ఇంచుమించు ఏడు.

ఇలా పొరుగును బట్టి మెట్టు జరుగుతుందని మొదట తేలింది భాస్వరంలోనే కావడం మన రైతులకు ఆసక్తి కలిగించే సంగతి. 1920లో స్వీడన్ దేశంలో బెర్గెన్‌గ్రెన్ అనే పరిశోధకుడు భాస్వరం రసాయన రూపం మారితే దాని ఎక్స్‌రే మెట్టు కూడా మారుతున్నదని గమనించాడు.

విశాఖలో ఎరువుల కర్మాగారం 1960ల దశకం నుంచీ భాస్వరం ఎరువులు తయారుచేస్తున్నది. బస్తా కొని చల్లిన భాస్వరమంతా పైరుకు అందదని రైతుకు అనుభవమే. పులుపు ఎక్కువైన ఎర్రనేలల్లో ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి. సున్నం ఎక్కువైన నేలల్లో కాల్షియం పట్టేసుకుంటుంది. భాస్వరం నేలలోనే ఉంటుంది, మొక్కకు మాత్రం చిక్కదు. దాన్ని ఎవరు పట్టుకున్నారో మట్టిని కరగించకుండా చూపగల పద్ధతుల్లో ఎక్స్‌రే శోషణం ముఖ్యమైనది.

అయితే ఇక్కడ తేడాలు చాలా చిన్నవి. భాస్వరం మెట్టు 2,150 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ ఉంటుంది. ఇనుము పట్టిన భాస్వరానికీ, కాల్షియం పట్టిన భాస్వరానికీ పెద్ద శిఖరం దగ్గర తేడా ఒక ఎలక్ట్రాన్ వోల్టు కూడా ఉండదు. ఇనుము పట్టినదైతే పెద్ద శిఖరానికి ముందు చిన్న గుబ్బ ఒకటి కనిపిస్తుంది. ఈ గుర్తులను తెలిసిన నమూనాలతో పోల్చి చూసి చెప్పాలి. నమూనా దొరకనప్పుడు లెక్కే దిక్కు. ఆ లెక్కలో పది ఎలక్ట్రాన్ వోల్టుల తప్పు ఉంటే దేన్ని నమ్మేది?

నూటికి తొంభై ఏడు వచ్చినా తప్పినట్టే

లెక్క ఎలా తప్పుతుందో తెలుసుకోవడానికి అన్నిటికంటె సులువైన ఉదాహరణ నియాన్. ఒంటరిగా ఉండే పరమాణువు కాబట్టి పొరుగువాళ్ళ గొడవ లేదు. అందులో మొత్తం పది ఎలక్ట్రాన్లు. గర్భగుడిలోని ఎలక్ట్రానును లాగడానికి కొలతలో తేలిన శక్తి 870.2 ఎలక్ట్రాన్ వోల్టులు.

మొదటి తరహా లెక్క 1934లో కూప్‌మన్స్ చూపినది. ఈయన తరువాత ఆర్థికశాస్త్రంలోకి మారి 1975లో నోబెల్ బహుమానం కూడా అందులోనే పొందారు. ఆయన దారిలో లెక్క కడితే నియాన్‌కు వచ్చే అంకె సుమారు 892. అసలుకన్నా దాదాపు 22 ఎక్కువ. నూటికి తొంభై ఏడున్నర మార్కులు వచ్చినట్టే. పరీక్షలో ఇంట్లోవాళ్ళు మిఠాయి పంచుతారు. ఇక్కడ మాత్రం తప్పినట్టే. మీథేన్‌కూ బొగ్గుపులుసు గాలికీ తేడా ఏడే కదా.

తప్పు ఎక్కడ? ఒక ఎలక్ట్రాను పోయాక మిగిలిన తొమ్మిదీ ఉన్నచోటనే బొమ్మల్లా కూర్చుంటాయని ఈ లెక్క అనుకుంటుంది. ఉమ్మడి కుటుంబంలో ఒకరు వెళ్ళిపోతే మిగిలినవాళ్ళు చాపలు జరుపుకొని సర్దుకుంటారు. ఎలక్ట్రాన్లూ అంతే. లోపలివాడు పోగానే బయటివన్నీ కేంద్రకం వైపు ముడుచుకుంటాయి. ఆ సర్దుబాటులో కొంత శక్తి మిగులుతుంది. ఆ మిగులును లెక్కలోకి తీసుకోకపోతే ఖర్చు ఎక్కువగా కనిపిస్తుంది.

1965లో బేగస్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి విరుగుడు చూపాడు. చంకలో పిల్లవాడు కాటా మీద నిలబడకపోతే ఏం చేస్తాం? తల్లినీ బిడ్డనూ కలిపి ఒకసారి, తల్లిని ఒక్కదాన్నే ఒకసారి తూచి తీసివేస్తాం. ఇక్కడా అదే. పది ఎలక్ట్రాన్లతో నియాన్ మొత్తం శక్తి కట్టు. తొమ్మిదింటితో, అవి సర్దుకున్న తరువాత, మళ్ళీ కట్టు. మొదటిది సుమారు 3,498. రెండవది సుమారు 2,629. తీసివేస్తే దాదాపు 868.6. అసలు అంకె 870.2. ఇరవై రెండు ఉన్న తప్పు ఒకటిన్నరకు దిగింది.

ఆ మిగిలిన తప్పుకు రెండు కారణాలు. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకుంటూ తిరుగుతాయి, సంతలో జనం ఒకరినొకరు రాసుకోకుండా తప్పుకున్నట్టు. మామూలు లెక్క దాన్ని సగటున చూస్తుంది గానీ అడుగడుగునా చూడదు. రెండవది ఐన్‌స్టీన్ చెప్పిన సంగతి. కేంద్రకం దగ్గరి ఎలక్ట్రాన్ల వేగం చాలా ఎక్కువ. ఆ వేగం వల్ల శక్తి కొంత మారుతుంది. కర్బనానికి ఆ మార్పు ఒక ఎలక్ట్రాన్ వోల్టులో పదోవంతు మాత్రమే. ఆక్సిజన్‌కు సుమారు 0.4. ఇనుము దగ్గరికి వస్తే పదుల్లోకి పోతుంది. ఉక్కునగరంలో కూర్చుని ఇనుము లెక్క కట్టేవాడు ఐన్‌స్టీన్‌ను మరచిపోతే మొదటి మెట్టులోనే జారిపడతాడు.

పాసంగం కట్టిన త్రాసు

అణువుల్లో పరమాణువులు ఎక్కువ. శిఖరాలు ఎన్నో. ఒక్కొక్క శిఖరానికీ రెండుసార్లు తూచి తీసివేయడం శ్రమ. కొన్నిచోట్ల లెక్క కుదురుకోకుండా జారి వేరే సమాధానంలో పడుతుంది కూడా. అందుకని ఎక్కువమంది వేరే దారి పట్టారు. ఎలక్ట్రాన్ల మందం ఎక్కడెంత ఉందో దాన్ని బట్టి లెక్క కట్టే ఈ పద్ధతికి మూలపురుషుడైన వాల్టర్ కోన్‌కు 1998లో నోబెల్ బహుమానం వచ్చింది. దీన్ని వెలుగు తగిలినప్పటి మార్పులకు విస్తరించిన రూపం అన్ని శిఖరాలనూ ఒక్కసారే ఇస్తుంది. ఖర్చు తక్కువ. పెద్ద అణువులకూ పనికివస్తుంది.

ప్రాకారం దగ్గరి ఎలక్ట్రాన్లకు ఇది బాగానే నప్పుతుంది. గర్భగుడి దగ్గర మాత్రం దెబ్బతింటుంది. బాగా వాడుకలో ఉన్న సూత్రాలతో కడితే కర్బనం, నత్రజని, ఆక్సిజన్ మెట్లు అసలుకన్నా పది, అంతకు మించి ఎలక్ట్రాన్ వోల్టులు కిందికి వస్తాయి. మూలకం బరువెక్కేకొద్దీ తప్పూ పెరుగుతుంది. కారణం చిత్రమైనది. ఈ లెక్కలో ఎలక్ట్రాను తన్ను తానే కొంత తోసుకుంటుంది. తన నీడను చూసి తానే జడుసుకున్నట్టు. ఇరుకైన గర్భగుడిలో ఆ తోపు మరీ ఎక్కువ.

దీనికి పరిశోధకులు వేసిన మందు ప్రతి కొట్టువాడికీ తెలిసినదే. త్రాసు ఒకవైపు మొగ్గితే తేలికైన వైపు చిన్న రాయి కట్టి సరిచేస్తారు. దాన్నే పాసంగం అంటాం. లెక్కలో వచ్చిన గీతనంతా కావలసిన మేర పక్కకు జరిపి కొలతతో కలుపుతారు. శిఖరాల మధ్య దూరాలు సరిగా ఉంటే ఇది తప్పు పని కాదు. గోబర్ గ్యాస్‌లోని రెండు వాయువులకూ తప్పు ఒకేలా వస్తే, ఏడు ఎలక్ట్రాన్ వోల్టుల తేడా చెక్కుచెదరకుండా మిగులుతుంది.

చిక్కు ఏమిటంటే, కర్బనానికి కట్టిన పాసంగం ఆక్సిజన్‌కు పనికిరాదు. ఒక సూత్రానికి కట్టినది మరో సూత్రానికి పనికిరాదు. ఒకే అణువులో కూడా ఒక శిఖరానికి సరిపోయినది ఇంకొక శిఖరానికి కొంచెం తప్పవచ్చు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, పాసంగం ఎంత కట్టాలో తెలియడానికి ముందుగా కొలత ఉండాలి. కొలత ఉన్నచోట లెక్క అవసరం తక్కువ. లెక్క అవసరమైన చోట కొలత ఉండదు.

కంసాలి త్రాసు, దాని ఖరీదు

కంసాలి త్రాసు లేకపోలేదు. ఎలక్ట్రాన్లు జంటజంటలుగా ఒకదాన్నొకటి తప్పించుకోవడాన్ని కూడా లెక్కలోకి తెచ్చే పద్ధతులున్నాయి. వీటితో కడితే తేలిక మూలకాల్లో తప్పు సాధారణంగా ఒకటి రెండు ఎలక్ట్రాన్ వోల్టులే, అదీ ఎక్కువ వైపు. మూడేసి ఎలక్ట్రాన్ల కదలికను కూడా చేరిస్తే ఒక ఎలక్ట్రాన్ వోల్టులో పదోవంతుల దాకా దిగుతుంది. బయటి ఎలక్ట్రాన్ల గొడవను పక్కన పెట్టి లోపలి వాటినే విడిగా లెక్క కట్టే ఉపాయాన్ని 1980లో జర్మనీ శాస్త్రజ్ఞులు సూచించారు. ఈనాటికీ అందరూ వాడుతున్నది అదే.

ఖరీదు మాత్రం భరించలేనిది. మొదటి రకం పద్ధతిలో అణువు రెట్టింపైతే పని సుమారు ఎనిమిది రెట్లవుతుంది. జంటలను లెక్కించే పద్ధతిలో అరవైనాలుగు రెట్లు. మూడేసిని చేరిస్తే నూట ఇరవై ఎనిమిది రెట్లు, ఇంకా పైన. ఒక రోజు పట్టే పని అణువు రెట్టింపైతే నాలుగు నెలలకు పైగా పడుతుందన్నమాట. మట్టిలోని భాస్వరం, ఇనుము లాంటివాటికి ఈ త్రాసు తెచ్చిపెట్టడం ఇంకా కష్టమే.

అందుకనే 2020లో అమెరికాలోని బర్కిలీ నుంచి హైత్, హెడ్‌గోర్డన్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రకటించిన ఫలితం ఎందరినో ఆకర్షించింది. తల్లినీ బిడ్డనూ విడివిడిగా తూచే పాత ఉపాయాన్నే తీసుకుని, చౌకగా ఉండే మందం లెక్కతో కలిపి, లెక్క జారిపోకుండా కట్టుదిట్టం చేశారు. కర్బనం, నత్రజని, ఆక్సిజన్, ఫ్లోరిన్ ఉన్న చిన్న అణువుల్లో తప్పు ఇంచుమించు 0.3 ఎలక్ట్రాన్ వోల్టుకు దిగింది. పాసంగం కట్టనక్కరలేదు. ఎలక్ట్రాన్ల సర్దుబాటును లెక్కలో చేర్చడమే కీలకమని అరవై ఏళ్ళ నాటి ఉపాయం మళ్ళీ రుజువు చేసుకుంది.

ఇంకొక హెచ్చరిక కూడా ఉంది. లెక్క కొలతతో కలిసినంత మాత్రాన లెక్క సరైనదని కాదు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన అంకె రావచ్చు. కల్తీ రాయి, కల్తీ త్రాసు కలిసి ఒక్కోసారి సరైన తూకమే చూపిస్తాయి. రెండవ బేరానికి బండారం బయటపడుతుంది. అందుకే ఒక్క అణువు మీద గెలిచిన పద్ధతిని నమ్మరు. పదుల కొద్దీ అణువుల మీద పరీక్షించి, సగటు తప్పు ఎంత, అన్నిటికన్నా పెద్ద తప్పు ఎంత, తప్పు ఎప్పుడూ ఒకవైపే ఉన్నదా, అటూ ఇటూ ఊగుతున్నదా అని చూస్తారు.

కొలత తప్పితే?

ఇంతవరకూ కొలతే ధర్మకాటా అనుకున్నాం. దానికీ తనిఖీ అవసరమని 2020లోనే తేలింది.

ఆక్సిజన్ మెట్టును కొలిచేవారు చాలాకాలంగా ఆక్సిజన్ వాయువు శిఖరాన్ని పడికట్టు రాయిగా వాడుతూ వచ్చారు. జర్మనీలో జరిగిన ప్రయోగాల్లో దాన్ని మరో రాయితో పోల్చి చూశారు. ఆ రాయి ఎలక్ట్రాన్లు చాలావరకు ఊడదీసి రెండే మిగిల్చిన ఆక్సిజన్. రెండే ఎలక్ట్రాన్లు కాబట్టి దాని శక్తిని సిద్ధాంతం చాలా కచ్చితంగా లెక్క కట్టగలదు. పోల్చి చూస్తే వాడుకలో ఉన్న పడికట్టు రాయిలోనే సుమారు 0.45 ఎలక్ట్రాన్ వోల్టు తేడా ఉందని బయటపడింది. నక్షత్రాల మధ్య ఉన్న ఆక్సిజన్ ఎంతో వేగంగా పరుగెత్తుతున్నదని అంతవరకు లెక్కల్లో కనిపించిన వింతకు కారణం ఆకాశంలో కాదు, ఈ రాయిలోనే ఉంది.

గమనించండి. మంచి పద్ధతుల తప్పు 0.3కు దిగిన రోజుల్లో పడికట్టు రాయి తప్పు 0.45. ఇలాంటప్పుడు లెక్క తప్పా, కొలత తప్పా అని తొందరపడి తీర్పు చెప్పకూడదు. రెండూ ఒకదాన్నొకటి తనిఖీ చేసుకోవాలి.

మనకేమిటి లాభం?

పొలం గట్టున నిలబడ్డ రైతు ఈ ప్రశ్న అడగడం న్యాయమే. ఎరువు ఎంత వేయాలో తెలుసుకోవడానికి ఎవరూ ఎక్స్‌రేలకు పోనక్కరలేదు. భూసార పరీక్ష చాలు. ఈ విద్య ఉపయోగం ఆ పరీక్ష వెనక ఉన్న శాస్త్రానికి. వేసిన భాస్వరం ఎందుకు చిక్కుబడుతున్నదో, దాన్ని ఎలా విడిపించవచ్చో తెలిసినప్పుడే మంచి ఎరువు, మంచి సలహా వస్తాయి. నీటిలో విషపు లోహం ఏ రూపంలో ఉన్నదో, తీరప్రాంతపు ఉప్పుగాలికి ఇనుము ఎలా తుప్పు పడుతున్నదో చెప్పడానికీ ఇదే దారి. ఇనుము లోహంగా ఉన్నా, తుప్పుగా మారినా మెట్టు 7,112 దగ్గరి నుంచి జరిగేది కొద్ది ఎలక్ట్రాన్ వోల్టులే.

ఇలాంటి కొలతలకు మన దేశంలోనే ఇండోర్‌లో ఇండస్-2 అనే యంత్రం ఉంది. 172 మీటర్ల చుట్టుకొలత గల వలయంలో ఎలక్ట్రాన్లను తిప్పి శక్తివంతమైన ఎక్స్‌రేలను పుట్టిస్తుంది. విశ్వవిద్యాలయాల పరిశోధకులు నమూనాలు పట్టుకుని అక్కడికి వెళతారు.

కొలతకు అంత పెద్ద యంత్రం కావాలి. లెక్కకు అక్కరలేదు. మీథేన్, బొగ్గుపులుసు గాలి లాంటి చిన్న అణువుల లెక్క ఈనాడు మామూలు కంప్యూటర్ మీద జరుగుతుంది. అందుకు కావలసిన ప్రోగ్రాములు కొన్ని ఉచితంగానే దొరుకుతాయి. మన జిల్లా కాలేజీలో ఎమ్మెస్సీ చదివే పిల్లవాడైనా, పిల్లయినా ఆ రెండు వాయువులకూ లెక్క కట్టి, వచ్చిన తేడాను ఏడుతో పోల్చి చూసుకోవచ్చు. ఆ ఒక్క అభ్యాసం చాలు, ఏ పద్ధతి లారీ కాటాయో, ఏది కంసాలి త్రాసో తెలియడానికి.

గొరగనమూడి నుంచి బయలుదేరిన స్వామి హిమాలయాలు చూసి, ప్రాగ్ చూసి, చివరికి వాల్తేరు కొండ మీద ప్రయోగశాల పెట్టారు. ఎక్స్‌రే గీత ఎక్కడ పడిందో వెంట్రుకవాసి తేడా లేకుండా చూడడం ఆయన నేర్చిన విద్య. ఇప్పుడు కాగితం మీద లెక్కకూ అదే నిష్ఠ కావాలి. అంకె ఎంత పెద్దదన్నది కాదు, తప్పు ఎంత చిన్నదన్నది ముఖ్యం. తెలుసుకోవలసిన తేడాకన్నా తప్పు చిన్నదైతేనే ఆ లెక్క లెక్క. కాకపోతే అది లారీ కాటా మీద గురివింద గింజే.